వాణిజ్యవిద్యాలయ ప్రవేశము: వచ్చినవారెవరు, రాలేనివారెవరు?

తండ్రి ప్రక్కఁ గూర్చుండి కుమారుఁడు చిట్టా వ్రాయ నేర్చుట మన దేశమునఁ దరతరముల యాచారము. ఆ విద్య యంగడి గడప దాఁటి కళాశాలకుఁ జేరిన పిమ్మట, దాని నెవరి బిడ్డలు చదువఁగలరను ప్రశ్న పుట్టినది.

అమెరికాలో హార్వర్డు వాణిజ్యవిద్యాలయము 1908లో స్థాపింపఁబడెను. అందలి రెండేండ్ల యెం.బి.ఏ. తరగతిలో మొదటి యేఁటనే స్త్రీలను జేర్చుకొనుట 1963లోఁ గాని జరుగలేదు. అంతవఱకు స్త్రీలకు బుద్ధి లేక కాదు, నియమ మొప్పుకొనక.

మన దేశమున 1961లోఁ గలకత్తాయందును అహమ్మదాబాదునందును ఐ.ఐ.యం. సంస్థలు వెలసినవి. రెండవదానికి హార్వర్డువారి సహాయము లభించెను. 2015లో విశాఖపట్టణమునకును అట్టి సంస్థ వచ్చినది. వీనిలోఁ బ్రవేశమునకు ‘క్యాట్’ పరీక్ష ముఖ్యసాధనము. అది విద్యార్థి యింటిపేరు నడుగదు, ఊరు నడుగదు. ఆంగ్లపఠనమును, తర్కమును, గణితమును మాత్రమే యడుగును. కాని యాంగ్ల మొక్క యేఁట నలవడునది కాదు. గణితమున నారితేఱిన యింజనీరింగు పట్టభద్రులే పెక్కేండ్లు పెక్కు తరగతులలో నధికసంఖ్యాకులైరి. ఆ చదువునకును, శిక్షణకును ధనము వెచ్చింపఁగల యిండ్లు కొన్నియే. తెలుఁగు బడిలోఁ జదివిన పల్లెబాలుఁడును అదే పరీక్షకుఁ గూర్చుండును. కాని యతఁడు నడచి వచ్చిన దూర మెక్కువ.

ఈ ద్వారము తనంతఁ దాను విశాలము కాలేదు. షెడ్యూలు కులములకు నూటికి 15, తెగలకు 7.5 స్థానము లేర్పడినవి. 2006 నాఁటి కేంద్రశాసనము వెనుకఁబడిన తరగతులకు 27 స్థానము లిచ్చెను; 2008 ఏప్రిలు 10వ తేదీని సుప్రీముకోర్టు, సంపన్నశ్రేణిని మినహాయించి, దానిని స్థిరపఱచెను. 2019లో రాజ్యాంగసవరణచే నితర నిరుపేదలకు 10 స్థానములు గలిగెను. స్త్రీలకును, ఇంజనీరింగు చదువనివారికిని గొన్ని సంస్థలు పిమ్మటఁ గొన్ని మార్కులు చేర్చినవి.

ప్రవేశించినవారిని మన సభలలో సన్మానించుట యుచితమే. అయినను, రుసుము విని వెనుదిరిగినవాని పేరు మన పట్టికలో లేదు. ఎనిమిదవ తరగతిలో నాంగ్లమునకు జంకి యీ యాశనే విడిచిన బాలిక పేరును లేదు. శాసనము ద్వారమును దెఱవఁగలదు. ద్వారమువఱకు నడిపింపవలసినవారము మనము. పోషకమహాశయులు పూలదండలకు వెచ్చించు ద్రవ్యమున సగము పల్లెవిద్యార్థుల పుస్తకములకును, వసతికిని మరలింతురుగాక!