చలికాలపు కాలువ: ఇంగ్లండు నేరోబోట్ల చరిత్రలో శ్రమ, విహారం

ఇంగ్లండులో చలికాలపు సెలవులకు మూడు నాలుగు రోజులపాటు నేరోబోటును అద్దెకు తీసుకొని కాలువల మీద విహరించడం నేడు పరిచితమైన అలవాటు. గంటకు 4 మైళ్లు దాటని వేగం, సాయంత్రం నాలుగింటికే కమ్ముకొనే చీకటి, పడవ గదిలో వెచ్చని బొగ్గు పొయ్యి, గట్టు వెంట కట్టిన పడవల పొగగొట్టాల నుంచి లేచే పొగ ఈ విహారానికి ఆకర్షణలు. అయితే ఈ ఇరుకుగది, ఈ పొయ్యి ఒకప్పుడు సరకు పడవల మీదనే కాపురమున్న కుటుంబాల నిత్యజీవితం. చలికాలం వారికి విశ్రాంతినిచ్చే కాలం కాదు, కూలి ఆగిపోయే కాలం. వారి వృత్తికి చివరి దెబ్బ కొట్టినదీ ఒక చలికాలమే. శ్రమస్థలం విహారస్థలమైన ఈ క్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏడడుగుల కొలత

1761లో బ్రిడ్జివాటర్ ప్రభువు వర్స్‌లీ గనుల బొగ్గును మాంచెస్టరుకు చేర్చడానికి కాలువను ప్రారంభించగా, నగరంలో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ పనిలో పాలుపంచుకొన్న జేమ్స్ బ్రిండ్లీయే తరువాత ట్రెంట్-మెర్సీ కాలువకు రూపకల్పన చేశాడు. 1766లో చట్టం ద్వారా అనుమతి పొందిన ఆ కాలువ 1777లో, అతడు మరణించిన అయిదేళ్లకు, పూర్తయింది. నీటి పొదుపు, సొరంగాల తవ్వకం ఖర్చు దృష్ట్యా అక్కడి లాకుల వెడల్పును ఏడడుగులకు కాస్త ఎక్కువగా నిర్ణయించారు. (ధవళేశ్వరం ఆనకట్ట కాలువలతో తెలుగులో స్థిరపడిన ‘లాకు’ ఈ ఆంగ్లపదమే.) ఆ లాకులో పట్టేటట్లు సుమారు డెబ్బై అడుగుల పొడవు, ఏడడుగులకు లోపు వెడల్పు గల పడవ రూపొందింది. నేటి విహారయాత్రికుడు నిద్రించే గది వెడల్పును నిర్ణయించినది కూడా పద్దెనిమిదవ శతాబ్దపు ఆ లెక్కే.

1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గం వచ్చిన తరువాతి దశాబ్దాలలో రవాణా ధరలు పడిపోయాయి. కూలివాని ఖర్చు, ఒడ్డున ఇంటి అద్దె తప్పించుకోవడానికి చాలామంది పడవవాళ్లు భార్యాబిడ్డలను పడవ మీదికే తెచ్చుకొన్నారు. సరకుకు చోటు వదిలి, వెనుకభాగాన పదడుగులైనా లేని గదిలో సంసారం సాగించారు. చేర్చిన సరకును బట్టి కూలి గనుక కాలువ గడ్డకడితే రాబడి ఉండదు. మంచు పగులగొట్టడానికి ప్రత్యేకమైన పడవలుండేవి. గట్టు మీద గుర్రాలు లాగుతుండగా, పడవలోని మనుషులు నడుమనున్న కమ్మీని పట్టుకొని దానిని అటూ ఇటూ ఊపుతూ మంచును చీల్చేవారు.

ఈ కుటుంబాల చరిత్రలో ఆధారాల సమస్య ప్రధానమైనది. చదువు అందని వీరిని గురించి రాసినవారు ఎక్కువగా బయటివారే: సంస్కర్తలు, తనిఖీ అధికారులు, యాత్రికులు. జార్జ్ స్మిత్ ఉద్యమ ఫలితంగా వచ్చిన 1877, 1884 నాటి చట్టాలు పడవల నమోదును, నివాస పరిమితిని, పిల్లల చదువును పట్టించుకొన్నాయి. కాని ఆ రచనల్లో పడవ కుటుంబం దిద్దవలసిన సమస్యగానే కనిపిస్తుంది. గది తలుపుల మీది గులాబీలు, కోటల బొమ్మలను వారి స్వీయవాణిగా భావించడం పరిపాటి. వాటిలో చాలావరకు పడవలు కట్టే చోట పనిచేసే చిత్రకారులు వేసినవన్న సంగతిని కూడా మరువరాదు.

పుస్తకం, మంచు

1939లో ఎల్.టి.సి. రోల్ట్ బాన్‌బరీ నుంచి ‘క్రెస్సీ’ అనే పడవలో బయలుదేరాడు. ఆ అనుభవంతో రాసిన ‘నేరో బోట్’ 1944లో వెలువడింది. దాన్ని చదివి పరిచయమైన రాబర్ట్ ఐక్‌మన్ తదితరులతో కలిసి 1946లో ఇన్లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్‌ను స్థాపించాడు. సరకు రవాణా, దానిని నమ్ముకొన్న పడవవాళ్ల జీవితం నిలవాలన్నది రోల్ట్ ప్రధానమైన కోరిక. ప్రతి కాలువనూ కాపాడాలని ఐక్‌మన్ పట్టుబట్టాడు. 1951లో రోల్ట్ సభ్యత్వమే రద్దయింది. పనిని నిలపాలని రాసిన పుస్తకం విహారయాత్రికులను రప్పించడం ఈ చరిత్రలోని విచిత్రం. ఐక్‌మన్ పట్టుదల లేకపోతే విహరించడానికి ఇన్ని కాలువలు మిగిలేవి కావన్నదీ అంతే నిజం.

1962 డిసెంబరు చివరి వారం నుంచి మార్చి మొదటివారం దాకా దేశం గడ్డకట్టింది. కాలువలు కొత్త బ్రిటిష్ వాటర్‌వేస్ బోర్డు చేతికి వచ్చినది ఆ జనవరి 1నే. సరకుతో నిండిన పడవలు వారాల తరబడి మంచులో చిక్కుకొన్నాయి. వాటి సరకు లారీలకెక్కింది. మంచు కరిగినా ఆ సరకులో చాలాభాగం తిరిగి రాలేదు. ఆ ఏడే బోర్డు తన నేరోబోటు రవాణాలో అధికభాగాన్ని విరమించుకొంది. నెపం మంచు మీద మాత్రమే వేయడం సరికాదు. లారీలు, కొత్త రహదారులు, బొగ్గు వాడకం తగ్గుదల అప్పటికే ఆ వృత్తిని సన్నగిల్లజేశాయి. 1968 రవాణా చట్టం విహార జలమార్గాలను ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించింది. సౌతాల్‌లోని జామ్ కర్మాగారానికి బొగ్గు చేరవేసే ఒప్పందం 1970 అక్టోబరులో ముగియడంతో క్రమబద్ధమైన దూరప్రయాణపు రవాణా చరిత్రలో కలిసింది.

చలికాలం నేడు మరమ్మతుల కాలం. నవంబరు నుంచి మార్చి వరకు కొన్ని లాకులను ఖాళీ చేసి, పాతికేళ్లకొకసారి మార్చవలసిన ఓకు తలుపులను బిగిస్తారు. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టివేసినట్టే ఇదీ. అందుకే చలికాలపు యాత్రికుడు మూసివేతల జాబితా చూసిన తరువాతే దారి ఎంచుకోవాలి. సరకు నడిచిన రోజుల్లో మార్గాన్ని ఇలా వారాల తరబడి మూయడం వ్యాపారానికి గిట్టేది కాదు. వేసవి యాత్రికులకు అడ్డు రాకూడదనే ఈ పనిని చలికాలానికి నెట్టారు.

2012 నుంచి ఇంగ్లండు, వేల్స్ కాలువల్లో అధికభాగాన్ని కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే ధార్మికసంస్థ నిర్వహిస్తోంది. పాత సరకు పడవలు కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. చలికాలంలో అవి గట్టున కట్టివున్న పడవల పక్కన ఆగి, లోపలి పొయ్యిలకు బొగ్గు బస్తాలు అమ్ముతాయి.