డ్రైవరు పుట్టుపూర్వోత్తరములు

కంప్యూటరునందలి పాత విండోసును తుడిచివేసి మరల కొత్తగా ఎక్కించిన పిమ్మట తెర వెలుగును గాని అక్షరములు మొద్దుబారి కన్నులకు శ్రమ గలిగించును. పాట పెట్టినను ధ్వని వెలువడదు. వైఫై గుర్తుండవలసిన చోట ఏమియు నుండదు. ఏ భాగమును చెడిపోలేదు. నిన్నటివరకు అన్నియు చక్కగా పనిచేయుచుండినవే. డివైస్ మేనేజరు తెరచి చూచినచో ‘అన్‌నోన్ డివైస్’ అను పంక్తులు మూడో నాలుగో, ఒక్కొక్కదాని ప్రక్కను పసుపుపచ్చని ముక్కోణమును, అందులో ఆశ్చర్యార్థకమును కానవచ్చును. ఈ దృశ్యము కంటబడినవారు తరచుగా మైక్రోసాఫ్టువారినో, ఓయెస్ వేసిపోయిన కుర్రవానినో నిందింతురు. నా దృష్టిలో ఇరువురును నిర్దోషులే. పరికరమును గూర్చి తెలిసికొనవలసిన భారమెవ్వరిదను ప్రశ్న కంప్యూటరు పుట్టిననాటినుండియు చేతులు మారుచు వచ్చి, కట్టకడపట కొన్నవాని నెత్తిపై దిగినది. ఆ చేతులు మారిన విధమే, పరికరముతో ఆపరేటింగ్ సిస్టము వ్యవహరించుటకు తోడ్పడు డ్రైవరు అను సాఫ్ట్‌వేరు చరిత్ర.

1949వ సంవత్సరము మే నెలలో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ ఆధ్వర్యమున నిర్మితమైన ఎడ్సాక్ యంత్రము తన మొదటి గణనమును ముగించిననాడు, డ్రైవరు అను వస్తువు లోకమున లేదు. యంత్రమొక్కటి, దానికి తగిలించిన కాగితపు టేపు చదువు సాధనమొక్కటి, ఫలితమును అచ్చొత్తు టెలిప్రింటరొక్కటి. ప్రోగ్రాము వ్రాయువానికి ఆ మూడింటిని గూర్చియు సమస్తము తెలిసియుండవలెను, తెలియకున్నచో యంత్రమును కట్టినవారే అందుబాటులో నుండిరి. అయినను ఒక సంఖ్యను దశాంశరూపమున అచ్చొత్తించుటకు కావలసిన ఆజ్ఞల వరుసను ప్రతివాడును మొదటినుండి వ్రాసికొనుట వృథాశ్రమయని గ్రహించి, అట్టి వరుసలను టేపు ముక్కలపై చిల్లులుగా పొడిచి భద్రపరచి, కావలసినవారు తమ ప్రోగ్రాములోనికి నకలు చేసికొనునట్లు ఒక భాండాగారము నేర్పరచిరి. విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ మువ్వురును కలిసి 1951లో ప్రకటించిన గ్రంథమున ఆ పద్ధతి సవిస్తరముగా వర్ణితమైనది. డ్రైవరునకు మూలపురుషుని వెదకువారు ఆ టేపు ముక్కకడ ఆగవచ్చును.

1956లో జనరల్ మోటార్స్ పరిశోధనాలయమువారును నార్త్ అమెరికన్ ఏవియేషన్ వారును కలిసి ఐబీఎం 704 యంత్రమునకై సిద్ధపరచిన వ్యవస్థ, ఆపరేటింగ్ సిస్టములలో ఆద్యమని చెప్పబడుచున్నది. దాని పేరులోనే ఇన్‌పుట్, అవుట్‌పుట్ అను మాటలు చేరియుండుట యాదృచ్ఛికము కాదు. పరికరములతో వ్యవహరించు ఆజ్ఞలను అందరికిని ఉమ్మడిగా ఒకచోట నుంచుట దాని ముఖ్యప్రయోజనములలో నొకటి. ఇందు గమనింపదగినది మరియొకటి కలదు: దానిని వ్రాసినవారు యంత్రమును అమ్మినవారు కారు, కొన్నవారు.

ఆ ఉమ్మడి భాగమునకు శాస్త్రీయమైన రూపమిచ్చిన ఘనత, బెల్ లాబొరేటరీలలో 1969 మొదలుకొని కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు పెంచిన యూనిక్సునకు చెందును. వారు పరికరమును ఫైలువలె చూపిరి. టేపు డ్రైవైనను, టెర్మినలైనను, ప్రింటరైనను, ‘డెవ్’ అను డైరెక్టరీలో ఒక పేరుగా నిలుచును. ప్రోగ్రాము దానిని తెరచును, చదువును, వ్రాయును, మూయును. లోపల జరుగు తంతు దానికి పట్టదు. ఆ పేరు వెనుక రెండు సంఖ్యలుండును. మొదటిది ఏ డ్రైవరును పిలువవలెనో, రెండవది ఆ డ్రైవరు క్రిందనున్న పరికరములలో ఏది కావలెనో సూచించును. ఎంత సుందరమైన ఏర్పాటైనను ఇందొక కట్టుబాటుండెను. కొత్త పరికరము వచ్చినప్పుడెల్ల దాని డ్రైవరును ఆపరేటింగ్ సిస్టము కీలకభాగమైన కెర్నెలుతో చేర్చి, కెర్నెలునే మరల నిర్మించి, యంత్రమును తిరిగి ప్రారంభింపవలసియుండెను. నిపుణులు కాపలాయున్న ప్రయోగశాలలో అది కష్టము కాదు. ఇంట కంప్యూటరు పెట్టుకొన్న సామాన్యునికి అసాధ్యము.

సామాన్యుని కంప్యూటరునకు దారి వేసినవాడు గ్యారీ కిల్డాల్. 1970లలో ఆయన రచించిన సీపీ/ఎం వ్యవస్థ పదులకొలది కంపెనీల యంత్రములపై నడువవలసివచ్చెను. ఒక్కొక్క యంత్రమున డిస్కును నడపు విధమొక్కొక్కటి. అందుచేత యంత్రముతో యంత్రము మారు భాగమునంతటిని వేరుచేసి, దానికి బయోస్ అని పేరిడి, అది వ్రాసికొను పనిని యంత్రనిర్మాతకే అప్పగించెను. భారమప్పుడు హార్డువేరు అమ్మువాని చేతికి వెళ్లినది.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ పెట్టె మూత తీయగా లోపల ఖాళీ స్లాట్లుండెను. ఎవరు చేసిన కార్డునైనను అందు గ్రుచ్చవచ్చును. కార్డులు చేయువారు పుట్టగొడుగులవలె పుట్టుకొనిరాగా, వానినన్నింటిని ముందుగా తెలిసికొనుట ఏ ఆపరేటింగ్ సిస్టమునకును శక్యము కాదయ్యెను. 1983 మార్చిలో వెలువడిన, ఆ పీసీని నడపు డాస్ 2.0 దీనికి చూపిన ఉపాయము చూడ బహుస్వల్పము: కాన్ఫిగ్ డాట్ సిస్ అను ఫైలులో ‘డివైస్’ అని వ్రాసి, సమానచిహ్నము పెట్టి, ప్రక్కన డ్రైవరు ఫైలు పేరు వ్రాసినచో, యంత్రము లేచునప్పుడే అది జ్ఞాపకములో చేరి కూర్చుండును. వ్యవస్థను రచించినవాడు కలలోనైన చూడని పరికరమును, దానిని తయారుచేసినవాడే ఒక ఫ్లాపీతో సహా అమ్ముటకు ఇది మార్గము తెరచెను. మేలెంత కలిగెనో చిక్కును అంతయే కలిగెను. ఏలయన ఆనాటినుండి కంప్యూటరునకు ప్రాణాధారమైన జ్ఞానములో కొంత వ్యవస్థలో లేదు, యంత్రములోను లేదు, మేజా సొరుగులో పడియున్న ఫ్లాపీలో నుండెను.

ప్రింటరుల సంగతి మరింత విచిత్రము. డాస్ కాలమున వర్డ్‌పర్‌ఫెక్ట్, లోటస్ 1-2-3 మొదలగు ప్రోగ్రాములు ఎవరి ప్రింటరు డ్రైవరులను వారే వెంటతెచ్చుకొనుచుండెను. ఎప్సన్ భాష యొకటి, హ్యూలెట్ ప్యాకర్డ్ భాష మరియొకటి కాగా, అన్నింటిని నేర్వని వర్డ్ ప్రాసెసరును కొనువాడు లేడు. 1985 నవంబరులో మొదటి విండోసు వచ్చి, ప్రింటరునకొక్క డ్రైవరుండిన చాలును, ప్రోగ్రాములన్నియు దానినే వాడుకొనవచ్చునని చెప్పెను. 1990లో వచ్చిన మూడవ విండోసు విజయమునకు, బొమ్మలకంటెను మౌసుకంటెను ఈ ప్రింటరు ఏర్పాటే ఎక్కువ తోడ్పడినదేమోయని నాకు తోచుచుండును. చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీ ప్రింటరుల గొడవ మాని తన పని తాను చేసికొనగలిగెను.

అయినను కార్డును గుర్తించుట అప్పటికిని మనుష్యుని పనియే. 1989లో సింగపూరు నుండి వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు పెట్టినవానికి, దాని చిరునామా 220 అనియు, ఐఆర్‌క్యూ, అనగా ప్రాసెసరును పిలుచు సంకేతపు సంఖ్య, 7 అనియు కంఠస్థమై యుండెను. అదే ఐఆర్‌క్యూను ప్రింటరు పోర్టు కూడ కోరినచో పెట్టె విప్పి, గోరంత ప్లాస్టిక్ జంపరును ఊడదీసి ప్రక్క సూదులపైకి మార్చవలసియుండెను. ప్రతి ఆటయు మొదట ఈ అంకెలనే అడిగెడిది. పిల్లలు ఎక్కములకన్న ముందు ఐఆర్‌క్యూలు నేర్చిన కాలమది.

ఈ అవస్థకు నిజమైన విరుగుడు 1992లో ఇంటెల్ వారు ప్రకటించిన పీసీఐ ప్రమాణముతో వచ్చినది. పీసీఐ కార్డు ప్రతిదానియందును 256 బైట్ల ప్రదేశమొకటి కలదు. అందు మొదటి నాలుగు బైట్లలో తయారీదారు సంఖ్యయు, పరికరపు సంఖ్యయు చెరిపినను చెరగని విధముగా నుండును. పెద్దల యెదుట నిలిచిన వటువు గోత్రనామములతో ప్రవర చెప్పుకొనునట్లు, కార్డు తన్నడిగినవారికి ఈ రెండు సంఖ్యలను విన్నవించును. ఇంటెల్ వారు తమకు 8086 అను సంఖ్యను తీసికొనిరి. అది 1978లో వారు చేసిన ప్రాసెసరు పేరు. ఎన్విడియావారిది 10డీఈ, రియల్‌టెక్ వారిది 10ఈసీ. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 ఈ సంఖ్యలను చదివి, ఐఎన్ఎఫ్ అను పాఠ్యఫైళ్లలో వానిని వెదకి, సరిపోయిన డ్రైవరును తానే ఎక్కించుట మొదలిడెను. మరుసటి యేడు వచ్చిన యూఎస్‌బీయు ఈ పద్ధతినే అనుసరించెను.

పేరు తెలియని పరికరమునకు నేడు డ్రైవరు వెదకు ఉపాయమంతయు ఈ ప్రవరలోనే యున్నది. పసుపు ముక్కోణమున్న పంక్తిపై కుడినొక్కు నొక్కి, ప్రాపర్టీస్ తెరచి, డీటెయిల్స్ పుటలో హార్డ్‌వేర్ ఐడీలు చూచినచో, వెన్ అను గుర్తు వెంట నాలుగు అక్షరములును, డెవ్ అను గుర్తు వెంట నాలుగు అక్షరములును కనబడును. విండోసునకు పరికరము తెలియదుగాని, దాని సంఖ్య తెలియును. ఆ యెనిమిది అక్షరములను పట్టుకొని పోయినవాడు తప్పిపోడు. ‘సౌండ్ డ్రైవర్ ఫ్రీ డౌన్‌లోడ్’ అని వెదకినవాడు డ్రైవరుతో పాటు ప్రకటనల పీడను కూడ ఇంటికి తెచ్చుకొనును.

ఇంతవరకు వచ్చినను, డ్రైవరు లేనిదే డ్రైవరు దొరకదను చక్రబంధము మాత్రము వీడలేదు. 2001లో విడుదలయైన విండోస్ ఎక్స్‌పీకి, తరువాత వాడుకలోనికి వచ్చిన సాటా డిస్కుల ఏహెచ్‌సీఐ పద్ధతి తెలియదు. ఎక్కించుటకు పూనుకొన్నచో డిస్కు లేదనును, లేదా నీలితెర చూపును. సెటప్పు మొదలుకాగానే ఎఫ్6 మీట నొక్కి డ్రైవరు నందింపవచ్చును గాని, దానిని ఫ్లాపీనుండి తప్ప గ్రహింపదు; అప్పటికి లాప్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవులే అంతరించెను. బయోసులోనికి పోయి సాటాను ఐడీఈగా మార్చి గట్టెక్కినవారే యెక్కువ. 2009 నాటి విండోస్ 7 యూఎస్‌బీ 3ను ఎరుగదు. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ బోర్డులపై పాత యూఎస్‌బీ కంట్రోలరు లేకుండుటచే, పెన్ డ్రైవు నుండి మొదలైన సెటప్పు తాను బయలుదేరిన పెన్ డ్రైవునే గుర్తింపక, డ్రైవరు కావలెనని అడుగుచు నిలిచిపోయెడిది. ‘నెక్స్ట్’ నొక్కుదమన్న మౌసును కదలదు. పదునొకండవ తరము ఇంటెల్ ప్రాసెసరుల లాప్‌టాప్‌లు కొన్నింట విండోస్ సెటప్పునకు ఎస్ఎస్‌డీయే కనబడదు. వీఎండీ యను మధ్యవర్తికి డ్రైవరు కావలెను. ఇంటెల్ వారు దానికై యిచ్చు ఫైలు పేరులో ఎఫ్6 అను ముక్కయు, ఫ్లాపీని సూచించు పొడియక్షరములును నేటికిని నిలిచియున్నవి. ఫ్లాపీని కంటచూడని పిల్లలు దానిని దించుకొనుచున్నారు.

మన సికింద్రాబాదు పార్క్‌లేన్ ప్రాంతమున, సీటీసీ యని జనులు పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటరు దుకాణములలో, భాగములు విడివిడిగా కొని కూర్చిన కంప్యూటరులు తెలుగునాట ఎన్నో యిండ్లకు చేరినవి. అట్టి కంప్యూటరునకు ఒక్క తయారీదారుడు లేడు. మదర్‌బోర్డు పెట్టెలోని డ్రైవర్ సీడీయే దిక్కు. అది పోయినచో, ‘ఫార్మాట్ కొట్టుటకు’ వచ్చిన సర్వీసు కుర్రవాని సంచిలోని సీడీల పౌచు నాశ్రయింపవలసినదే. ఆ విద్యకు పాఠశాల లేదు, పట్టము లేదు. అయినను చిప్‌సెట్ ముందు, పిమ్మట ల్యాన్, ఆపై గ్రాఫిక్స్, సౌండు అను క్రమమును ఆ కుర్రవాండ్రు చక్కగ నెరుగుదురు.

లినక్సు త్రోవ వేరు. దాని వెనుకనున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు బీజము కూడ ప్రింటరు సాఫ్ట్‌వేరే యగుట చరిత్రలోని చమత్కారము. 1980 ప్రాంతమున ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్సు లేజరు ప్రింటరు కాగితము చిక్కుకొన్నప్పుడు ఆ సంగతి తెలుపునట్లు మార్పు చేయదలచి, రిచర్డ్ స్టాల్‌మన్ దానిని నడపు సాఫ్ట్‌వేరు మూలప్రతిని కోరెను. గోప్యతాబద్ధుడనని దానిని కలవాడు నిరాకరించెను. 1983లో స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకై గ్నూ ప్రణాళికను ప్రకటించెను. నేడు లినక్స్ కెర్నెల్ మూలప్రతిలో సగమునకు పైగా డ్రైవరులే. అవి వ్యవస్థతో కూడియే వచ్చుటచే, లినక్సును మరల ఎక్కించినవానికి తరచుగా వెదకుకొనవలసినదేమియు నుండదు; బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులు మాత్రము చిరకాలము ఏడిపించినవి. స్వేచ్ఛకు కట్టుబడిన డెబియన్ అను లినక్సు పంపిణీవారు సైతము 2022లో ఓటు వేసికొని, స్వేచ్ఛాయుతము కాని ఫర్మ్‌వేరును తమ ఇన్‌స్టాలరులో చేర్చుట కంగీకరించిరి. సిద్ధాంతము కొంత వంగినది. వైఫై మాత్రము పనిచేసినది.

డ్రైవరు కెర్నెలు గర్భములో నడుచును గనుక దాని తప్పు యంత్రమునంతటిని కూల్చును. విండోస్ ఎక్స్‌పీ కూలిన సందర్భములలో నూటికి 85 డ్రైవరుల మూలముననేయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో వ్రాసిరి. 2007 నాటి 64 బిట్ల విండోస్ విస్టా నుండి డిజిటల్ సంతకము లేని డ్రైవరును మైక్రోసాఫ్ట్ లోనికి రానీయలేదు. అయినను 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ క్రిమి, రియల్‌టెక్ వారి సంతకమును అపహరించి దానితోనే లోనికి ప్రవేశించినది.

ఈ భారము ఇప్పుడు మరల చేతులు మారుచున్నది. కీబోర్డు, మౌసు, పెన్ డ్రైవు మున్నగువానికి జాతికొక్క డ్రైవరు చాలునను పద్ధతి యూఎస్‌బీతో స్థిరపడినది. విండోస్ 98 కాలమున పెన్ డ్రైవునకు సీడీ కావలసినదన్న నేటివారు నమ్మరు. 2010లో ఆపిల్ వారి ఎయిర్‌ప్రింట్ వచ్చిన పిమ్మట ప్రింటరులును ఆ బాటనే పట్టినవి. గ్రాఫిక్స్, వైఫై, కొత్త డిస్కు కంట్రోలరులు మాత్రము ఇంకను ఆ బాట పట్టలేదు. ఏటేట కొత్తదనము చూపుటయే వాని వ్యాపారము కాబట్టి త్వరలో పట్టునని నేననుకొనను.

కావున విండోస్ 10గాని 11గాని తుడువబోవువాడు ముందుగా డిజమ్ అను సాధనముచే, తన యంత్రమున ఎక్కియున్న బయటి డ్రైవరుల నన్నింటిని ఒక ఫోల్డరులోనికి ఎగుమతి చేసి, పెన్ డ్రైవులో దాచుకొనుట మేలు. ఆ పని చేయకయే తుడిచివేసినవానికి ఆండ్రాయిడ్ ఫోను కలదు. యూఎస్‌బీ తీగతో దానిని తగిలించి టెథరింగ్ ఆన్ చేసినచో, విండోసు సాధారణముగా తనలో ముందే యున్న డ్రైవరుతో ఆ ఫోనును నెట్‌వర్క్ కార్డుగా గ్రహించును. అట్లు లభించిన ఇంటర్నెట్టుతో, లాప్‌టాప్ అడుగున అచ్చువేసిన మోడల్ సంఖ్యను బట్టి తయారీదారువారి నుండియే వైఫై డ్రైవరును దించుకొని, పిమ్మట ఫోనును వేరుచేసికొనవచ్చును.