పోర్టు 22, మధ్యలో ప్రాక్సీ

మెదక్‌లో ఒక ఆఫీసు నుంచి రోజూ సాయంత్రం హైదరాబాద్ సర్వర్‌కు ఫైలు పంపాలనుకోండి. లోపలి కంప్యూటర్‌కు నేరుగా నెట్ ఉండదు, ప్రాక్సీ గుండానే బయటపడాలి. జావాలో జేఎస్‌చ్ లైబ్రరీ వాడేవాళ్లు సెట్‌ప్రాక్సీ అని ఒక్క లైను రాస్తే చాలు. ఆ లైను వెనక ఉన్నది ఒక్కరి ఆలోచన కాదు.

1971లో ఫైళ్లు పంపే పద్ధతి ఎఫ్‌టీపీకి తొలి రూపం రాసింది మనవాడే, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. ఫైళ్లు చక్కగా వెళ్లేవి కానీ పాస్‌వర్డ్ కూడా ఏ ముసుగూ లేకుండా వెళ్లేది. 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలాంటి పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా పట్టేశారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఊరుకోలేదు, అంతా గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీది పోర్టు 21, దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే టెల్నెట్‌ది 23. తన ప్రోగ్రాం ఆ రెండింటి బదులు నిలవాలని మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు. ఫైళ్ల కోసం ఎస్‌ఎఫ్‌టీపీ ఆ తర్వాత దాని మీదే వచ్చింది.

ప్రాక్సీ కథ అంతకంటే ముందుది. డేవిడ్ కోబ్లాస్ సాక్స్ అనే ప్రాక్సీ పద్ధతిని 1992లోనే యూజ్‌నిక్స్ సదస్సులో వివరించాడు. దాని ఐదో వెర్షన్ 1996 మార్చిలో ప్రమాణమైంది. ఆ మాటామంతీ ఎంత పొదుపో చూడండి. ప్రోగ్రాం 5, 1, 0 అని మూడు బైట్లు పంపుతుంది: ఐదో వెర్షన్, ఒకే పద్ధతి, పాస్‌వర్డ్ లేదు. ప్రాక్సీ 5, 0 అంటుంది. తర్వాత సర్వర్ పేరు, చివర పోర్టుకు రెండు బైట్లు: 0, 22. ప్రాక్సీ సరేనన్నాక సర్వర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్-2.0 అనే పలకరింపు వస్తుంది. అక్కడి నుంచి ప్రాక్సీ బైట్లు మోయడమే తప్ప లోపల ఏముందో చదవలేదు. ఒకదాని కోసం ఒకటి పుట్టకపోయినా సాక్స్, ఎస్‌ఎస్‌హెచ్ ఇంత బాగా కలవడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయితే ఈ భద్రతంతా అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనన్న నమ్మకం మీద నిలుస్తుంది. సర్వర్ గుర్తింపు కీ తెలియదంటూ "అన్‌నోన్ హోస్ట్ కీ" ఎర్రర్ రాగానే చాలామంది స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్‌కు "నో" పెట్టేస్తారు. అప్పుడు దారిలో ఎవరైనా సర్వర్ వేషం వేసినా ప్రోగ్రాం నమ్మేస్తుంది, పాస్‌వర్డ్ వాళ్ల చేతికి ఇచ్చేస్తుంది. సర్వర్ చూసుకునేవాళ్లకు ఫోన్ చేసి కీ ఫింగర్‌ప్రింట్ అడిగి, సరిపోల్చి, ఆ కీని నోన్ హోస్ట్స్ ఫైల్లో పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టదు.