పైస్లీ అవ్వ పెళ్ళి ఎక్కడ రాశారు?

మా హోసూరు వైపు సంబంధం కుదిరితే రెండు పక్కలా మూడు నాలుగు తరాల పేర్లు అడిగి రాసుకోవడం ఇంకా పోలేదు. మా తమ్ముడి కూతురు గ్లాస్గోలో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే చేసుకుంది. అలవాటు కొద్దీ మా వియ్యపురాలిని కూడా అడిగాం. ఆవిడ ముత్తాత దాకా గడగడా చెప్పింది. ముత్తాత తల్లి దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి, "ఆమెకు అసలు పెళ్ళయిందో లేదో, కాగితం ఎక్కడా లేదు" అంది. వాళ్ళమ్మ కూడా ఆ మాట దగ్గర అలాగే గొంతు తగ్గించేదట. నూటయాభై ఏళ్ళ నాటి సంగతికి ఇప్పుడు కూడా తల దించుకోవడం మాకు బాధనిపించింది. సరే, వెతుకుదాం అన్నాం.

ఆ అవ్వ కాపురం పైస్లీలో. మన చీరల అంచుల్లో ఉండే మామిడి పిందెకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ఆ ఊరిదే. కాశ్మీరు శాలువాలకు నకళ్ళు నేసిన సాలెల ఊరది.

స్కాట్లాండ్‌లో పుట్టుక, పెళ్ళి, చావు తప్పకుండా సర్కారు రిజిస్టరులో రాయాలన్న చట్టం అమలైంది 1855 జనవరి 1న. అంతకుముందు ఉన్నవి చర్చి పారిష్ పుస్తకాలే. వాటిలో అన్నిటికన్నా పాతది ఎర్రోల్ ఊరిది, 1553 నాటిది. అయితే ఇవి అందరి పుస్తకాలు కావు, ప్రభుత్వ గుర్తింపున్న చర్చివి మాత్రమే. పైగా చాలాచోట్ల రాసింది పెళ్ళిని కాదు, పెళ్ళికి ముందు చర్చిలో చదివే ప్రకటనని. వధూవరులవి వేరు వేరు పారిష్‌లైతే రెండు చోట్లా చదివేవారు. కాబట్టి ఒకే జంటకు రెండు తేదీలు కనపడితే కంగారు పడక్కర్లేదు. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకీ మూడు పెన్నీల పన్ను ఉండేది. ఆ పన్ను కట్టలేక రాయించుకోనివాళ్ళు చాలామంది. 1843లో చర్చి చీలి 450 మందికి పైగా పాస్టర్లు బయటికొచ్చి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర జరిగిన పెళ్ళి పాత పారిష్ పుస్తకంలో ఉంటుందని నమ్మకం లేదు.

ఇవన్నీ తెలిసేలోగా మేం చేసిన తప్పు ఒకటుంది. ముత్తాత 1857లో పుట్టాడు గనక ఆయన జనన నమోదులోనే తల్లిదండ్రుల పెళ్ళి వివరం ఉంటుందనుకున్నాం. లేదు. తీరా చూస్తే 1855లో ఆ గడి పెట్టారు, 1856 నుంచి 1860 దాకా తీసేశారు, 1861లో మళ్ళీ పెట్టారు. మన ముత్తాత సరిగ్గా ఆ సందులో పడ్డాడు! అప్పుడు మా తమ్ముడి కూతురికి తట్టింది: "ఆయన తమ్ముళ్ళనో చెల్లెళ్ళనో పట్టుకుందాం పెద్దమ్మా." పట్టుకున్నాం. 1862లో పుట్టిన చెల్లెలి నమోదులో ఉంది, తల్లిదండ్రుల పెళ్ళి 1854 చివర గ్లాస్గోలో జరిగినట్టు. ఇంకొక్క నెల ఆగి ఉంటే సర్కారు రిజిస్టరులో పడేది కదా అని వియ్యపురాలు నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

గ్లాస్గో పారిష్ పుస్తకాల్లో మాత్రం ఆ పెళ్ళి లేదు. కర్క్ సెషన్ అనే చర్చి పెద్దల సభ మినిట్సు కూడా చూశాం. పాస్టరు లేకుండా పెళ్ళి చేసుకున్న జంటల్ని పిలిచి మందలించి, జరిమానా వేసి రాసుకునేవి అవి. అందులోనూ లేదు. లేకపోతే మాత్రం? ఆ దేశపు చట్టంలో ఇద్దరూ ఒకరికొకరు మనస్ఫూర్తిగా "నిన్ను చేసుకుంటున్నా" అనుకుంటే అది పెళ్ళే. పాస్టరు అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. ఇంగ్లండు ప్రేమజంటలు గ్రెట్నా గ్రీన్‌కి పారిపోయి వచ్చింది ఇందుకే. 1856లో, ఇద్దరిలో ఒకరైనా ముందు 21 రోజులు స్కాట్లాండ్‌లో ఉండాలని చట్టం తెచ్చి ఆ పరుగుకి పగ్గం వేశారు. అలా ఒప్పుకుంటే చాలన్న పద్ధతి 1940 దాకా నడిచింది.

చెల్లెలి నమోదులో ఉన్నది తండ్రి నోటిమాటే, రిజిస్ట్రారు రాసుకున్నాడంతే అనొచ్చు. నిజమే. కానీ మాకు దానికన్నా గట్టిగా తోచింది ఇంకొకటి. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ అయితే ఆ మాట నమోదులోనే రాసేసేవారు, 1919 దాకా అదే రివాజు. ముత్తాత నమోదులో ఆ మాట లేదు. ఊళ్ళో ఆ రోజు అందరూ ఆమెను పెళ్ళయిన మనిషిగానే చూశారన్నమాట. ఈ కాగితం నకలు ఇప్పుడు వియ్యపురాలి ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది.

ఒకవేళ మీ వంశంలో మద్రాసుకి వచ్చిన స్కాట్ ఎవరైనా ఉంటే స్కాట్లాండ్ పుస్తకాలు చూసి నిరాశపడకండి. మద్రాసు రాజధానిలోని చర్చి పెళ్ళిళ్ళ నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన ఊళ్ళ కైఫియత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో, పెళ్ళాడింది 1812లో జావాలో. ఆ పెళ్ళి కోసం లూయిస్ దీవిలో వెతికితే ఏం దొరుకుతుంది?

మాకు అక్కడ అన్నిటికన్నా నచ్చింది, పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరు రికార్డుల్లో పోదు. 1855 తర్వాతి పెళ్ళి నమోదులో వధూవరుల తల్లుల పుట్టింటి పేర్లు కూడా ఉంటాయి. పైస్లీ అవ్వ పుట్టింటి పేరు మాకు తెలిసింది. మా ముత్తవ్వది తెలీదు. తమిళనాడులో ఇనిషియల్ ఒక్కటే మిగిలి ఇంటిపేర్లే మరుగైన కుటుంబాల్లో అది ఇంకెక్కడ రాసి ఉంటుంది? బాగలూరు వైపు నుంచి వచ్చిన కోడలని మాత్రం విన్నాం. ఆ వైపు పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఒకసారి అడిగి చెప్పండి.