విదేశీ విహారయాత్రలో నగదు ఎంత, కార్డు ఎంత? కుటుంబాలు తెలుసుకోవలసిన లెక్కలు

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కో, విశాఖపట్నం నుంచి సింగపూర్‌కో పిల్లలతో బయలుదేరే కుటుంబాలు విమాన టికెట్ల ధరలను వారాల తరబడి పోల్చి చూస్తాయి. టికెట్‌పై వెయ్యి రూపాయలు తగ్గితే సంబరపడతాయి. అవే కుటుంబాలు డబ్బు మార్చుకునే చోట, కార్డు వాడే చోట ఎనిమిది పదివేలు పోగొట్టుకుని కూడా ఆ సంగతి గుర్తించవు. ఆ నష్టం ఏ రసీదుపైనా ‘రుసుము’ అన్న పేరుతో కనిపించకపోవడమే అందుకు ప్రధాన కారణం. అది మారకపు ధరలో కలిసిపోయి ఉంటుంది.

చట్టం అనుమతించేది ఎంత?

భారతదేశంలో నివసించే ప్రతి వ్యక్తీ ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవచ్చు, లేదా అక్కడ ఖర్చు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు 2004లో ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం (వాడుకలో ఎల్ఆర్ఎస్) కింద ఈ పరిమితి అమలవుతోంది. మైనర్లకూ ఇది విడిగా వర్తిస్తుంది. సాధారణ కుటుంబానికి ఈ పరిమితితో చిక్కు రాదు. చిక్కంతా నోట్ల రూపంలో తీసుకువెళ్లే సొమ్ముతోనే.

అత్యధిక దేశాలకు వెళ్లేవారు ఒక్కో ప్రయాణానికి, ఒక్కొక్కరు 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు తీసుకువెళ్లరాదు. మిగిలినది కార్డు రూపంలో ఉండాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి విదేశీ మారకాన్ని కొనవచ్చు. పాన్, పాస్‌పోర్టు, టికెట్ చూపాలి. కొనుగోలు విలువ రూ.50,000కు చేరితే నగదుగా చెల్లించడం కుదరదు; బ్యాంకు ఖాతా నుంచే చెల్లించాలి. భారతీయ రూపాయి నోట్లను ఒక్కొక్కరు రూ.25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. తిరిగి వచ్చాక విమానాశ్రయం నుంచి ఇంటికి చేరే ఖర్చుకు ఇందులో కొంత విడిగా దాచుకోవడం మేలు.

నేపాల్, భూటాన్‌లకు నిబంధనలు వేరు. భూటాన్ ఙుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. ఒక భారతీయ రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు వస్తాయి. అయితే 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వందకు మించిన భారతీయ నోట్లను నిషేధించినప్పుడు యాత్రికులు బాగా ఇబ్బందిపడ్డారు. అటు వెళ్లేవారి సంచిలో వంద నోట్ల కట్ట ఉండటం ఇప్పటికీ సురక్షితమే.

మూలం వద్ద వసూలయ్యే పన్ను

విదేశీ మారకం కొన్నప్పుడు, ఫారెక్స్ కార్డులో సొమ్ము నింపినప్పుడు బ్యాంకులు ‘టీసీఎస్’ వసూలు చేస్తాయన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయంలో సగం మాత్రమే నిజం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరంలో పంపిన మొత్తం రూ.10 లక్షలు దాటితేనే విహారయాత్ర ఖర్చుపై 20 శాతం వసూలవుతుంది. అదీ దాటిన భాగంపైనే. ఉదాహరణకు మొత్తం రూ.12 లక్షలైతే, పైనున్న రూ.2 లక్షలపై రూ.40,000 కడతారు. ఇది అదనపు పన్ను కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. అయినా యాత్రకు ముందు చేతిలోని సొమ్ము కొన్ని నెలలు చిక్కుకుపోవడం చిన్న విషయమేమీ కాదు.

అమెరికా, బ్రిటన్‌లలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రూ.10 లక్షల పరిమితి ఒక్కో అవసరానికి విడిగా ఉండదు. ఆ వ్యక్తి ఆ ఏడాది పంపిన సొమ్మంతా కలిపి లెక్కిస్తారు. బ్యాంకు మార్చినా లెక్క మారదు. పెద్దమ్మాయి ఫీజు తండ్రి ఖాతా నుంచి వెళ్లి పరిమితి నిండిపోయి ఉంటే, అదే తండ్రి పేరిట సెలవుల కోసం కొనే తొలి డాలరు నుంచే 20 శాతం పడుతుంది. తల్లికి సొంత ఆదాయం, ఖాతా ఉంటే ఆమె పేరిట కొనడం సరైన మార్గం.

ప్యాకేజీ టూరు సంగతి వేరు. విదేశీ యాత్రా ప్యాకేజీపై తొలి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది. ఆ రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది కనుక, సంస్థ ఇచ్చే బిల్లులో దాన్ని విడిగా చూపమని అడగాలి.

విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుపై చేసే ఖర్చు ప్రస్తుతం ఎల్ఆర్ఎస్ లెక్కలోకి రాదు. 2023 మేలో కేంద్రం దాన్ని లెక్కలోకి తెస్తూ ఉత్తర్వు ఇచ్చినా, విమర్శలు రావడంతో జూన్ 28న అమలును వాయిదా వేసింది. డెబిట్, ఫారెక్స్ కార్డులకు ఈ మినహాయింపు లేదు.

అసలు ఖర్చు ఎక్కడ దాగి ఉంటుంది?

‘కమిషన్ లేదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టిన మారకపు దుకాణం ధర్మసత్రం కాదు. అది కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడాలోనే దాని లాభం ఉంటుంది. విమానాశ్రయ కౌంటర్లలో ఈ తేడా సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ. అందుకే రేటు ఎంత అని అడగడం కంటే, ‘వెయ్యి డాలర్లు చేతికి రావాలంటే పన్నులతో కలిపి మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి?’ అని రెండు మూడు చోట్ల అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులే పోల్చదగినవి.

మారకంపై జీఎస్టీ ఉంటుంది కానీ, అది మొత్తం సొమ్ముపై కాదు. లక్ష రూపాయల వరకు ఒక శాతాన్ని, ఆ పైన పది లక్షల వరకు అర శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దానిపై 18 శాతం వేస్తారు. రూ.2 లక్షల మారకానికి సేవ విలువ రూ.1,500, పన్ను రూ.270. అంతకంటే చాలా ఎక్కువ రాస్తే వివరణ అడగవచ్చు.

క్రెడిట్, డెబిట్ కార్డులపై బ్యాంకులు విదేశీ లావాదేవీకి ‘మార్కప్’ పేరిట సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు తీసుకుంటాయి. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. అంటే 3.5 శాతం నిజానికి 4.13 శాతం. నలుగురు సభ్యుల కుటుంబం ఈ కార్డుతో రూ.2 లక్షలు ఖర్చు చేస్తే రూ.8,260 దీనికే పోతుంది. మార్కప్ లేని కార్డులు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటి వార్షిక రుసుము ఈ మొత్తం కంటే తక్కువైతే ఒక్క యాత్రలోనే ఖర్చు తిరిగి వచ్చినట్లే.

ముందే సొమ్ము నింపుకునే ఫారెక్స్ కార్డులో రేటు ఆనాడే స్థిరపడుతుంది. రూపాయి బలహీనపడుతున్న రోజుల్లో అది ఊరటనిస్తుంది. కానీ డాలర్లు నింపిన కార్డును థాయిలాండ్‌లో బాట్లకు వాడితే మళ్లీ మారకం జరిగి, మూడున్నర శాతం దాకా అదనపు రుసుము పడవచ్చు. వెళ్లే దేశపు కరెన్సీ ఆ కార్డులో లభిస్తుందో లేదో కొనేటప్పుడే తేల్చుకోవాలి. దుబాయ్‌కి వెళ్లేవారు దీర్హామ్‌లే నింపుకోవడం మంచిది. దీర్హామ్ విలువ 1997 నుంచి డాలరుకు 3.6725గా స్థిరంగా ఉంది కాబట్టి, డాలర్లు నింపితే దక్కే లాభమేమీ లేదు.

‘రూపాయల్లో చెల్లిస్తారా?’ అన్న ప్రశ్న

విదేశీ దుకాణంలో భారతీయ కార్డు పెట్టగానే యంత్రం తెరపై రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి స్థానిక కరెన్సీలో, మరొకటి రూపాయల్లో. మనసు సహజంగా రూపాయల వైపు మొగ్గుతుంది. తెలిసిన భాషలో అడిగిన ప్రశ్నకు తల ఊపినట్లే అది. ఈ సౌకర్యాన్ని బ్యాంకర్లు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఇందులో మారకపు ధరను నిర్ణయించేది వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కులు కాదు. ఆ యంత్రం వెనుక ఉన్న సంస్థ. తన లాభాన్ని అందులో కలుపుకొనే అది ధర చెబుతుంది.

లెక్క సులువు కోసం ఒక సింగపూర్ డాలరు రూ.70 అనుకుందాం. బిల్లు 100 డాలర్లు. అసలు విలువ రూ.7,000. 3.5 శాతం మార్కప్ ఉన్న కార్డుతో డాలర్లలో చెల్లిస్తే జీఎస్టీతో కలిపి రూ.7,289 అవుతుంది. యంత్రం 5 శాతం కలిపి రూపాయల్లో అడిగితే రూ.7,350. విషయం అంతటితో ఆగదు. విదేశీ వ్యాపారికి రూపాయల్లో చెల్లించినా కొన్ని బ్యాంకులు ఒక శాతం, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. అప్పుడు మొత్తం రూ.7,436 దాటుతుంది. మార్కప్ లేని కార్డు చేతిలో ఉన్నవారికైతే నష్టం మరీ ఎక్కువ, రూ.7,000తో పోయేదానికి నాలుగు వందలకు పైగా అదనంగా కట్టినట్లు. కనుక దుకాణంలోనైనా, ఏటీఎంలోనైనా, హోటల్ కౌంటర్‌లోనైనా స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. అడగకుండానే రూపాయల బిల్లు ఇస్తే, సంతకం చేయకముందే రద్దు చేసి మళ్లీ వేయమనవచ్చు.

నగదు ఎంత ఉండాలి?

దీనికి అన్ని దేశాలకూ ఒకే జవాబు లేదు. సింగపూర్‌లో మెట్రో, బస్సులు సైతం స్పర్శతో చెల్లించే కార్డులను అంగీకరిస్తాయి. బ్యాంకాక్ వీధి బండ్లకు, బాలి టాక్సీలకు నోట్లే కావాలి. తొలి రెండు రోజుల తిండికి, రవాణాకు సరిపడా నగదును ఇంటి దగ్గరే కొనుక్కుని, మిగతాది అక్కడ అవసరాన్ని బట్టి చూసుకోవడం చాలా కుటుంబాలకు సరిపోతుంది. ఆగ్నేయాసియాలో మార్చుకునేందుకు డాలర్లు తీసుకువెళితే మడతలు, గీతలు, సిరా మచ్చలు లేని వంద డాలర్ల నోట్లే అడిగి తీసుకోవాలి. పాత నోట్లను అక్కడి దుకాణాలు తిరస్కరించడమో, ధర తగ్గించడమో మామూలే.

ఏటీఎం నుంచి తీసేటప్పుడు మూడు రుసుములు పడవచ్చు: యంత్రం యజమానిది, మన బ్యాంకుది, మార్కప్. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుపై ఒక్కోసారికి 220 బాట్లో అంతకు మించో తీసుకుంటాయి. 2,000 బాట్లు తీస్తే అది 11 శాతం. 20,000 తీస్తే 1.1 శాతం. చిన్న మొత్తాలుగా పలుమార్లు తీయడమంత ఖరీదైన పని మరొకటి లేదు, ఒక్కటి తప్ప: క్రెడిట్ కార్డుతో నగదు తీయడం. దానిపై ప్రత్యేక రుసుముతో పాటు తొలి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

కుటుంబానికి ఒకే కార్డు చాలదు

సింగపూర్, లండన్ మెట్రోల గేట్ల వద్ద ఒక కార్డుతో ఒక్కరే ప్రయాణించగలరు. నలుగురూ ఒకే కార్డును వరుసగా తాకిస్తే గేటు తెరుచుకోదు. అంతకంటే ముఖ్యమైన సంగతి హోటల్ డిపాజిట్. గదిలోకి దిగేటప్పుడు హోటల్ కొంత మొత్తాన్ని కార్డుపై స్తంభింపజేస్తుంది. క్రెడిట్ కార్డైతే పరిమితిలో కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ లేదా ఫారెక్స్ కార్డైతే చేతిలోని సొమ్మే ఆగిపోతుంది. గది ఖాళీ చేశాక కూడా అది విడుదల కావడానికి రోజులు పట్టవచ్చు. అద్దె కార్ల సంస్థలు చాలావరకు ప్రీపెయిడ్ కార్డులను అసలు అంగీకరించవు. కనుక డిపాజిట్లకు క్రెడిట్ కార్డు, రోజువారీ ఖర్చుకు మరొకటి వాడటం ఉత్తమం. భార్యాభర్తలు వేర్వేరు బ్యాంకుల కార్డులను వేర్వేరు సంచుల్లో ఉంచుకోవాలి. పర్సు పోయిన రోజున ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది.

బయలుదేరే ముందు కార్డుపై అంతర్జాతీయ వినియోగాన్ని బ్యాంకు యాప్‌లో తెరవడం మరవరాదు. రిజర్వు బ్యాంకు 2020 జనవరి ఆదేశాల ప్రకారం కొత్త కార్డులన్నీ దేశీయ వినియోగానికే తెరిచి వస్తాయి. రోజువారీ పరిమితిని అవసరమైనంతకే పెట్టుకోవచ్చు, తిరిగి రాగానే మూసేయవచ్చు.

యూపీఐ సైతం కొన్ని దేశాల్లో అందుబాటులోకి వచ్చింది. భూటాన్‌లో 2021లో మొదలై, 2024 ఫిబ్రవరిలో పారిస్ ఈఫిల్ టవర్ టికెట్లకు, శ్రీలంక, మారిషస్‌లకు విస్తరించింది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులను ముందుగా ప్రారంభించుకోవాలి. అయితే ప్రతి దుకాణంలోనూ అది ఉంటుందని నమ్ముకుని వెళ్లరాదు.

కార్డు పోతే, సొమ్ము మిగిలితే

కార్డు పోయిందని తెలిసిన క్షణాన యాప్‌లో దాన్ని నిలిపివేసి, బ్యాంకుకు తెలపాలి. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశాల నుంచి కలవకపోవచ్చు కాబట్టి, బ్యాంకు విదేశీ కాల్స్ నంబరును కాగితంపై రాసుకోవాలి. ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసం జరిగితే, మూడు పని దినాల్లో ఫిర్యాదు చేసినవారికి బాధ్యత ఉండదని 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెబుతోంది. పిన్ మరొకరికి చెప్పడం వంటి నిర్లక్ష్యం ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. పిన్‌ను కార్డు కవరుపై రాసుకునే పెద్దలకు ఈ మాట ముందే చెప్పాలి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. అక్కడి సిమ్ వేసి మన సిమ్‌ను ఇంట్లో వదిలి వెళితే అవసరమైనప్పుడు కార్డు పనికిరాకుండా పోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు వెంట 5,000 డాలర్లకు మించిన విదేశీ నోట్లు ఉంటే కస్టమ్స్‌కు తెలపాలి. మిగిలిన నోట్లను 180 రోజుల్లోగా మార్చుకోవాలి. 2,000 డాలర్ల విలువ వరకు మాత్రం తదుపరి యాత్రకు దాచుకోవచ్చు. నాణేలు ఎన్నైనా ఉంచుకోవచ్చు, కానీ ఇక్కడ వాటిని మార్చి ఇచ్చేవారు దొరకడం కష్టం. ఆ దేశపు విమానాశ్రయంలోనే వాటిని పిల్లల చాక్లెట్లకు ఖర్చు చేసేయడం మంచిది. ఫారెక్స్ కార్డులో మిగిలినదాన్ని వెంటనే ఖాతాలోకి మళ్లించమని కోరాలి. కొన్ని కార్డులపై నిర్ణీత కాలం వాడకపోతే నిష్క్రియతా రుసుము కోతపడుతుంది.