ఎర్రబడ్డ వాల్వు

ఇప్పుడంటే డీజేకి లారీడు పెట్టెలు కావాలి. మా కాలంలో మైకుసెట్టంటే ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు. రామతీర్థం శివరాత్రి జాతరకైనా, ఇక్కడ జూటుమిల్లు లైన్లలో పెళ్ళికైనా అవే వెళ్ళీవి. లోపల అన్నీ గాజు వాల్వులే. వేడెక్కితే గానీ గొంతు విప్పీవి కావు. గురువుగారి దగ్గర నేను సోల్డరింగు నేర్చుకున్నది వాటి మీదే.

ఓసారి వాల్తేరు నుంచి పాసింజర్లో ఒకాయన గిటారు యాంప్లిఫయరు మోసుకొచ్చేడు. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ల డాన్సులకి వాయించీవోడు. ఇంగ్లండు సరుకు, ఈఎల్34 వాల్వులు జత. నాలుగు పాటలయ్యేసరికి గొంతు బొంగురుపోయి, ఒక వాల్వు ఎర్రబడిపోతున్నాదన్నాడు. పట్నంలో మెకానిక్కు కొలిచి, బయాసు రావట్లేదని తేల్చి, కొత్త జత వేయించేడట. అదే చోట కొత్త వాల్వూ ఎర్రబడింది. పాపం, ఆ రోజుల్లో వాల్వుల జతంటే చిన్న ఖర్చేటి?

బయాసంటే ఏటో చెప్తాను వినండ్రా. గ్రిడ్డుకిచ్చే మైనస్ వోల్టేజి. కాలవకి షట్టరు ఎలగో, వాల్వులో కరెంటుకి అదలగ. మైనస్ తగ్గిందా, కరెంటు పొంగిపోతాది. ఈఎల్34 ప్లేటు తట్టుకునీది 25 వాట్లు. ఆ పెట్టెలో ప్లేటు మీద 430 వోల్టులు. 35 మిల్లీఆంపులు పారితే 15 వాట్లు, హాయిగా ఉంటాది. 60 అయితే 25 దాటిపోతాది, ప్లేటు కాలి ఎర్రబడతాది.

గురువుగారు ముందు స్పీకరు తగిలించేరు. లోడు లేకుండా వాల్వుసెట్టు వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాది. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకున్నారు. స్విచ్చి తీసేసినా కండెన్సర్లలో 400 వోల్టులు దాగుంటాయిరా, రెండు చేతులూ లోపల పెట్టేమా, గుండెలోంచే పోతాది.

అప్పుడు మీటరు పిన్ను గ్రిడ్డుకి ఆనించేరు. మైనస్ 7 చూపించింది. అంతలోనే వాల్వులో ప్లేటు మధ్యన అర్ధణా అంత ఎర్రమచ్చ లేచింది. పిన్ను తీసేరు, మచ్చ మెల్లగా ఆరిపోనాది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ లేచింది. "చూసేవా, బయాసుని మీటరే తాగేస్తున్నాది" అన్నారు. అది వోల్టుకి 1,000 ఓముల పాత మీటరు. 50 వోల్టుల రేంజిలో దాని లోపలున్నది 50,000 ఓములే. గ్రిడ్డుకి బయాసొచ్చే రెసిస్టెన్సు 2,20,000 ఓములు. వచ్చే 40 వోల్టుల్లో మీటరుకి మిగిలీది ఏడే. రెసిస్టెన్సుకి ఇవతల, బయాసు వచ్చే వైపు కొలిస్తే 35 పైనే ఉంది. పట్నం మెకానిక్కు చూసింది ఆ ఏడే అయ్యుంటాది.

మరి పాటల మధ్యలో ఎర్రబడడం దేనికి? గురువుగారు గ్రిడ్డు వదిలేసి, వాల్వు కరెంటంతా పారీ కాథోడుకి వచ్చేరు. రెండు వాల్వుల కాథోడుకీ ఎర్తుకీ మధ్యన చెరో పది ఓముల రెసిస్టెన్సు అతికించేరు. 0.35 వోల్టు చూపిస్తే 35 మిల్లీఆంపులన్నమాట. మీ డిజిటల్ మీటరుకైతే ఒక ఓము చాలు, మిల్లీవోల్టుకి మిల్లీఆంపు. స్క్రీను కరెంటు నాలుగైదు మిల్లీఆంపులు అందులోనే కలిసుంటాయి, ప్లేటు కరెంటుకి అవి తీసి లెక్కెయ్యాలి.

మొదట రెండూ 0.38. సెట్టు వేడెక్కేక ఒకటి అక్కడే నిలబడింది. రెండోది 0.5, 0.6 అని ఎక్కుతూనే ఉంది. ఆపేసి, చల్లారనిచ్చి, వాల్వులు అటూ ఇటూ మార్చేరు. ఆ ఎక్కడం వాల్వుతో వెళ్ళలేదు, సాకెట్టు దగ్గరే ఉండిపోనాది. కొత్తవి కొనిపించీ ముందు ఎవరైనా చెయ్యవలసిన పని ఇదీ! పైసా ఖర్చు లేదు.

ఆ సాకెట్టుకి పాట తెచ్చే కండెన్సరు ఉంటాది. ఒక పక్క ముందు వాల్వు ప్లేటు నుంచి 200 పైచిలుకు వోల్టులు, ఇంకో పక్క గ్రిడ్డు. చల్లగా ఉంటే బుద్ధిగానే ఉంది. వేడెక్కితే ప్లస్ అవతలికి కారి, మైనస్‌ని తినేస్తున్నాది. దాని గ్రిడ్డు కొస ఊడదీసేసరికి కొలత దిగిపోనాది. 600 వోల్టుల కొత్త కండెన్సరు వేసేరు. రెండో దాన్నీ నమ్మక, అదీ మార్చేరు. గంటసేపు వాయించినా రెండు కొలతలూ 0.38 దగ్గరే ఉన్నాయి. ఆయన సాయంత్రం పాసింజరుకి పెట్టె పట్టుకుపోయేడు.