సినిమా ‘టాక్’: తెలుగు అభిమాన చర్చల చరిత్రలో కాలవ్యవధి పాత్ర

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా వాడుకలో ‘టాక్’ అనే మాట ఆంగ్లంలోని అర్థాన్ని దాటి ఒక ప్రత్యేకార్థాన్ని సంతరించుకొంది. ఆంగ్లంలో అది కేవలం మాట్లాడటం. తెలుగులో అది చిత్రాన్ని చూసి వచ్చినవారు ఇచ్చే తీర్పు. ‘టాక్ బాగుంది’, ‘డివైడ్ టాక్ వచ్చింది’, ‘మొదట టాక్ లేదు, రెండో వారం నుంచి లేచింది’ వంటి ప్రయోగాలను గమనిస్తే, టాక్ పుడుతుందని, పాకుతుందని, మారుతుందని, చిత్రాన్ని నిలబెడుతుందని లేదా పడగొడుతుందని మన సినిమా సమాజం భావించినట్లు స్పష్టమవుతుంది.

కొత్త చిత్రం విడుదలైన ప్రతిసారీ చర్చ జరుగుతూనే ఉన్నా, మునుపటి ఉత్సాహం లేదనే మాట ఇటీవల అభిమానుల నోటనే తరచు వినిపిస్తోంది. కథల్లో కొత్తదనం లోపించడం, టికెట్ ధరలు పెరగడం, అరచేతిలోకే సినిమా రావడం దీనికి కారణాలుగా చెబుతున్నారు. ఇవి కాదనదగినవి కావు. అయితే ఇవి మాత్రమే చాలవు. ప్రేక్షకుల మాటకు చిత్రం భవితవ్యాన్ని నిర్ణయించే శక్తి ఉన్నంతకాలం చర్చలో ఉత్సాహం ఉందని, ఆ శక్తికి ఆధారం చిత్రం ప్రదర్శనకు లభించిన దీర్ఘ వ్యవధి అని, ఆ వ్యవధి కుదించుకుపోవడంతో చర్చ మిగిలినా ఉత్సాహం సన్నగిల్లిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘అభిమాని’ – పదార్థ విచారణ

సినిమా నటుణ్ణి ఇష్టపడే వ్యక్తికి ద్రావిడ భాషలన్నీ ఒకే పేరు పెట్టలేదు. తమిళంలో అతడు ‘రసిగర్’. అభిమాన సంఘం ‘రసిగర్ మన్ఱం’. అంటే రసజ్ఞతకు సంబంధించిన పేరు. తెలుగు, కన్నడాలు ‘అభిమాని’ అనే పదాన్ని స్వీకరించాయి. సంస్కృతంలో అభిమానానికి ప్రధానంగా ఆత్మగౌరవం, అహంకారం అనే అర్థాలున్నాయి. తెలుగులో ఆ అర్థం పోకుండానే ప్రేమ, ఆప్యాయత అనే అర్థం కూడా చేరింది. ‘అభిమానవంతుడు’ అంటే పౌరుషం గలవాడు. ‘అభిమానంగా పలకరించాడు’ అంటే ప్రేమగా పలకరించాడు.

ఈ ద్వంద్వార్థమే తెలుగు అభిమాన చర్చల స్వభావాన్ని చాలావరకు వివరిస్తుంది. తన నటుడి చిత్రం ఓడిపోతే అభిమాని నొచ్చుకోవడం రసభంగం వల్ల మాత్రమే కాదు. తన గౌరవానికి భంగం కలిగిందన్న భావన వల్ల కూడా. తెలుగు సినిమా సామాజిక చరిత్రపై విశేష కృషి చేసిన ఎస్.వి. శ్రీనివాస్ అభిమానిని కేవలం ఆరాధకుడిగా కాక, నటుడి నుంచి ఫలానాది రావలసిందేనని కోరే హక్కుదారుగా పరిశీలించారు. 1982లో ఎన్.టి. రామారావు, 2008లో చిరంజీవి రాజకీయ పార్టీలు స్థాపించిన నేపథ్యంలో అభిమాన సంఘాల రాజకీయ పాత్రపై విస్తృత పరిశోధన జరిగింది. హక్కుదారు తన హక్కును వినియోగించుకోవడానికి ఎంత కాలం దొరికిందన్న ప్రశ్న మాత్రం ఇంకా విడిగా చర్చించవలసి ఉంది.

రంగస్థలం నుండి వెండితెరకు

తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైనప్పటికీ, దానిని చూసి తర్కించే ప్రేక్షకుడు అంతకుముందే సిద్ధంగా ఉన్నాడు. అతణ్ణి తయారుచేసింది పౌరాణిక పద్యనాటకం. ఏ నటుడు రాయబారం పద్యాలను ఎంత బాగా పాడతాడు, ఎవరి దుర్యోధనుడికి రాజసం ఎక్కువ అన్న చర్చలు నాటకరంగంలో స్థిరపడినవే.

1936లో ఒకే ఇతివృత్తంతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, ‘ద్రౌపదీ మానసంరక్షణం’ అనే రెండు చిత్రాలు పోటీగా వెలువడ్డాయి. మొదటి దానిలో యడవల్లి సూర్యనారాయణ, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, కన్నాంబ, రెండవ దానిలో బళ్ళారి రాఘవ, బందా కనకలింగేశ్వరరావు నటించారు. వీరందరూ రంగస్థలంపై పేరు గడించినవారే. కనుక ఈ రెండు చిత్రాల పోటీ ఒకవిధంగా రంగస్థల వాదానికి కొనసాగింపు.

నాలుగు దశాబ్దాల తరువాత, 1977 సంక్రాంతికి, అదే భారతకథ మళ్లీ రెండు చిత్రాలుగా వచ్చింది. ‘దానవీరశూర కర్ణ’లో రామారావు కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడింటినీ ధరించి దర్శకత్వం కూడా వహించారు. ‘కురుక్షేత్రం’లో కృష్ణ అర్జునుడిగా, శోభన్‌బాబు శ్రీకృష్ణుడిగా, కృష్ణంరాజు కర్ణుడిగా కనిపించారు. అప్పటికి అభిమాన వర్గాలు రూపుదిద్దుకొన్నాయి. అయినా వాదానికి పనికివచ్చిన కొలమానాలు వాచికం, ఆహార్యం, పాత్రోచితి. అవి నాటకం నేర్పిన కొలమానాలే. చర్చించే విషయం చిత్రంలోనే ఉంది, చిత్రం బయట లేదు.

మాట ముందు, బొమ్మ తరువాత

ఆ చర్చలకు నెలల ఆయుర్దాయం ఎలా లభించిందో తెలుసుకోవాలంటే పంపిణీ విధానాన్ని పరిశీలించాలి. నైజాం, సీడెడ్, ఆంధ్ర ప్రాంతాలుగా విభజించిన పంపిణీలో ఎ, బి, సి కేంద్రాలనే అంతరువులుండేవి. ప్రింట్ల సంఖ్య పరిమితం. చిత్రం మొదట నగరాలలో, పెద్ద పట్టణాలలో ఆడి, తరువాత చిన్న పట్టణాలకు, ఆ పైన గ్రామాల టూరింగ్ టాకీసులకు చేరేది. రీళ్ల డబ్బాలు ఊరు చేరేనాటికి నెలలు గడిచిపోయేవి. ‘షిఫ్టు మీద వంద రోజులు’ అనే వ్యాపార పరిభాష ఒక హాలు నుంచి మరొక హాలుకు సాగిన ఈ ప్రయాణం నుంచే పుట్టింది.

అందువల్ల గ్రామీణ ప్రేక్షకుడికి బొమ్మ కంటే ముందు మాట చేరేది. పట్నం వెళ్లి చూసి వచ్చినవాడు రచ్చబండ మీద కథకుడయ్యేవాడు. పాటలు రేడియోలో వినిపించేవి. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం కథను సగం చెప్పి, మిగిలినది వెండితెరపై చూడమని ఆపేది. ‘రూపవాణి’ వంటి పత్రికలు, 1966లో ఆరంభమైన ‘విజయచిత్ర’ ఛాయాచిత్రాలనూ విశేషాలనూ అందించేవి. ఆంధ్రపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ రాసిన సమీక్షలు చిత్రం ఇంకా ఆడుతుండగానే పాఠకుడికి చేరేవి.

ఈ నిరీక్షణలో ఉత్సాహం రెండు విధాలుగా పనిచేసింది. ఒకటి, ఊహ. చూడని చిత్రాన్ని విన్న మాటలతో మనసులో నిర్మించుకోవడం. రెండు, అధికారం. పట్నం తీర్పును పల్లె తిరస్కరించగలిగేది. నగరంలో అంతంతమాత్రంగా ఆడిన చిత్రం సి కేంద్రాలలో మళ్లీ మళ్లీ ఆడిన సందర్భాలు వ్యాపార వర్గాలకు సుపరిచితాలే. ఆఖరున చూసే ప్రేక్షకుడి మాట కూడా లెక్కలోకి వచ్చేది.

తీర్పు మారిన సందర్భాలు

మాటకున్న ఈ శక్తికి ‘శంకరాభరణం’ ప్రసిద్ధమైన నిదర్శనం. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ చిత్రంలో పేరున్న కథానాయకుడు లేడు. ప్రధాన పాత్రధారి జె.వి. సోమయాజులు రంగస్థల నటుడు, ప్రభుత్వోద్యోగి. శాస్త్రీయ సంగీతం ప్రధానాంశమైన చిత్రాన్ని కొనడానికి పంపిణీదారులు సందేహించారు. తొలి రోజులలో హాళ్లు పలుచగానే ఉన్నాయి. చూసినవారు చెప్పగా మరికొందరు వచ్చి, కొద్ది రోజులలో హాళ్లు నిండాయి. ఆ చిత్రాన్ని గెలిపించింది ప్రకటన కాదు, ప్రేక్షకుల నోటి మాట.

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మరొక విధమైన ఉదాహరణ. అది 1990 మే 9న విడుదలైంది. అదే రోజు పెనుతుపాను కోస్తా తీరాన్ని తాకింది. వానలకు, వరదలకు జనం ఇల్లు కదలలేని పరిస్థితి. తారాబలం ఉన్న చిత్రమే అయినా తొలి రోజులు చేజారాయి. వాన వెలిసిన తరువాత ప్రేక్షకులు వచ్చారు. చిత్రం ఘనవిజయం సాధించింది.

మొదటి చిత్రానికి ఆరంభంలో ప్రేక్షకులు లేరు. రెండవ దానికి రాగలిగిన పరిస్థితి లేదు. రెండింటినీ కాపాడింది రెండవ వారం, మూడవ వారం ఉండటమే. తొలి మూడు రోజులకే తీర్పు ముగిసే నేటి పద్ధతిలో ఈ రెండు చిత్రాల చరిత్ర ఎలా ఉండేదో ఊహించవచ్చు.

రోజుల లెక్క నుండి రూపాయల లెక్కకు

చర్చల కొలమానం ఒక్కసారిగా మారలేదు. మొదట నటన, పద్యం, పాత్రల స్థానంలో రోజులు వచ్చాయి. ఎన్ని కేంద్రాలలో వంద రోజులు ఆడిందన్నది వాదానికి ముఖ్య ప్రమాణమైంది. ‘పోకిరి’ (2006), ‘మగధీర’ (2009) చిత్రాలకు వందరోజుల కేంద్రాలు రెండువందలకు తక్కువ కాలేదని ప్రకటించుకున్నారు. ఈ పోటీలో ప్రేక్షకులు లేకున్నా రోజుల సంఖ్య కోసం హాళ్లలో చిత్రాన్ని ఆడించే ధోరణి కూడా ప్రబలింది. వ్యవధి ఒకప్పుడు ప్రేక్షకాదరణ ఫలితం. ఇప్పుడు అది అభిమానుల పట్టుదలకు గుర్తుగా మారింది. అయినప్పటికీ లెక్కపెట్టినది కాలాన్నే.

డిజిటల్ ప్రదర్శన విధానం వ్యాపించిన తరువాత ప్రింట్ల కొరత తీరింది. అన్ని కేంద్రాలలో ఒకేరోజు విడుదల సాధ్యమైంది. పల్లె, పట్నం ఒకేసారి చూడగలగడం సమానత్వ దృష్టితో ఆహ్వానించదగినదే. కాని ఎక్కువ హాళ్లలో తొలి రోజులలోనే పెట్టుబడి రాబట్టుకొనే పద్ధతి దీనితో బలపడింది. వంద రోజుల స్థానంలో తొలిరోజు వసూళ్లు, గ్రాసు, షేరు, బ్రేక్ ఈవెన్ వచ్చాయి. ఒకప్పుడు పంపిణీదారుడి ఖాతా పుస్తకంలో ఉండే పదాలు నేడు కళాశాల విద్యార్థి వాదనలోకి ప్రవేశించాయి. అభిమాని చిత్రాన్ని చూసినవాడిగా కాక, దాని గుమస్తాగా మాట్లాడుతున్నాడు.

పరిశ్రమ సైతం ఈ కుదింపును గుర్తించింది. 2022 ఆగస్టులో నిర్మాతలు చిత్రీకరణలు నిలిపివేసి సమస్యలను చర్చించినప్పుడు, థియేటర్ విడుదలకూ ఓటీటీ ప్రదర్శనకూ మధ్య 8 వారాల వ్యవధి ఉండాలన్నది ప్రధాన నిర్ణయాలలో ఒకటి. వ్యవధి ఒక వ్యాపార సమస్యగా నిర్ణయపత్రంలోకి ఎక్కడమే మారిన స్థితికి సాక్ష్యం. 2024 మే నెలలో ప్రేక్షకులు లేక తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ థియేటర్లను పది రోజులపాటు మూసివేయాలని యజమానులు నిర్ణయించారు. ఎన్నికలు, క్రికెట్ పోటీలు తాత్కాలిక కారణాలు కావచ్చు. పెద్ద చిత్రం లేని వారాలలో హాలుకు వెళ్లే అలవాటే సడలిందన్నది గమనించవలసిన అంశం.

ఉత్సాహం ఎటు మళ్లింది?

ఉత్సాహం పూర్తిగా అంతరించిందనడం తొందరపాటు. తెలుగు సినిమా స్థాయిపై అసంతృప్తి కొత్తది కాదు. కొడవటిగంటి కుటుంబరావు వంటి రచయితలు దశాబ్దాల క్రితమే దానిని తమ వ్యాసాలలో వ్యక్తం చేశారు. కనుక గతాన్ని స్వర్ణయుగంగా భావించి వర్తమానాన్ని నిందించడం శాస్త్రీయం కాదు. ఉత్సాహం దిశ మార్చుకొన్న తీరును పరిశీలించడమే సమంజసం.

2022 ఆగస్టు 9న ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొన్న పునర్విడుదలలు ఒక దిశను సూచిస్తాయి. అదే ఏడాది చివరి రోజున మళ్లీ వచ్చిన ‘ఖుషి’ (2001)కి హాళ్లు కిక్కిరిశాయి. ఇక్కడ ప్రేక్షకుడు తీర్పు చెప్పడానికి రాలేదు. తీర్పు ఎప్పుడో వెలువడింది. సంభాషణలను తెర కంటే ముందు పలకడంలో, తోటివారితో కలసి పాడటంలో అతడికి ఆనందం దొరికింది. గెలుపు ఓటముల భారం లేని చోట అభిమానం తేలికపడిందన్నమాట.

2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ మరొక దిశను చూపింది. మూడు వారాలకే ఓటీటీలోకి వచ్చినా, తెలంగాణ గ్రామాలలో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కలసి ఆ చిత్రాన్ని చూశారు. నిర్మాతల అనుమతి లేని ప్రదర్శనలు చట్టరీత్యా ఆక్షేపణీయాలే. కాని ఇంట్లో ఫోనులో దొరుకుతున్న చిత్రాన్ని వీధిలో కలసి చూడాలని ఊరు కోరుకోవడం చరిత్రకారుడికి విలువైన సాక్ష్యం. చావు ఇంటి కథను చూసి కన్నీరు పెట్టుకొని, విడిపోయిన అన్నదమ్ముల గురించి మాట్లాడుకొన్న ఆ ప్రేక్షకులకు తొలిరోజు వసూళ్లతో నిమిత్తం లేదు. టూరింగ్ టాకీస్ కాలపు చర్చ అక్కడ మళ్లీ కనిపించింది.

ముగింపు

పై పరిశీలనను బట్టి, తెలుగు అభిమాన చర్చల కొలమానం పాత్రపోషణ నుంచి ప్రదర్శన దినాలకు, వాటి నుంచి తొలిరోజుల వసూళ్లకు మారిందని చెప్పవచ్చు. ప్రతి మార్పుతోనూ ప్రేక్షకుడి మాటకు దొరికే వ్యవధి తగ్గింది. తన మాట చేరేసరికే తీర్పు ముగిసిపోయిన సభలో సభ్యుడికి ఆసక్తి ఎంతకాలం నిలుస్తుంది? అభిమాని ఉత్సాహం తగ్గిందంటే అతడికి సినిమాపై ప్రేమ తగ్గిందని కాదు. ‘అభిమానం’లోని రెండవ అర్థమైన గౌరవం దెబ్బతిన్నదని గ్రహించాలి.

సినిమా చరిత్రను చిత్రాలతో, తారలతో, వసూళ్లతో రాసే సంప్రదాయానికి తోడుగా, మాట ప్రయాణించిన చరిత్రను కూడా రాయవలసిన అవసరం ఉంది. దానికి ఆధారాలు పాత పత్రికల పాఠకుల లేఖలలో, పాటల పుస్తకాలలో, టూరింగ్ టాకీసులలో సినిమా చూసిన వృద్ధుల జ్ఞాపకాలలో ఉన్నాయి. మొదటి రెండింటిని గ్రంథాలయాలు కాపాడగలవు. మూడవ ఆధారం ఆ తరంతోపాటే కనుమరుగవుతోంది. మౌఖిక సాహిత్య సేకరణలో అనుభవం గల తెలుగు శాఖలు ఈ పనికి వెంటనే పూనుకోవలసి ఉంది.